షికాగో షికారుకు కారెందుకు?

అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలను ఒకసారి కదిపి చూడండి. నయాగరా, లిబర్టీ విగ్రహం, ఔట్‌లెట్ మాల్ ఫొటోలు ఫోన్లో చకచకా దొర్లిపోతాయి. మిగిలిన నెలలన్నీ ఎలా గడిచాయంటే మాత్రం, “ఏముంది, పిల్లలు ఆఫీసుకు వెళ్లాక కిటికీలోంచి ఉడతలను చూసేవాళ్లం” అంటారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ దేశంలో చాలా ఊళ్లు కారున్నవాళ్ల కోసం కట్టినవి. డ్రైవింగ్ రాని పెద్దాయన కొత్తిమీర కట్టకైనా శనివారం దాకా ఆగాల్సిందే. అయితే ఆ లెక్కే షికాగోకూ వర్తిస్తుందనుకుని ఇంట్లో కూర్చోవడం మాత్రం ఉత్త దండగ.

షికాగో వెళ్తున్నామని ఇక్కడ చెప్పుకుంటాం గానీ, మనవాళ్లలో చాలామంది దిగేది షికాగోలో కాదు. పడమటి శివార్లలోని నేపర్‌విల్‌లోనో, బాలాజీ గుడి ఉన్న అరోరాలోనో దిగుతారు. డౌన్‌టౌన్ అక్కడికి ముప్పై నుంచి నలభై మైళ్ల దూరం. కారులో వెళ్తే ట్రాఫిక్ ఒక బాధ, పార్కింగ్ రుసుము ఇంకో బాధ. అందుకే “వీకెండ్ చూద్దాంలే నాన్నా” అన్న మాట పుట్టింది. ఆ రెండు ఊళ్లనూ డౌన్‌టౌన్‌తో కలుపుతూ బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్ మీద మెట్రా రైళ్లు నడుస్తాయి. నేపర్‌విల్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముప్పావు గంటలో యూనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. ప్రతి స్టేషన్‌లో ఆగే రైలైతే గంట దాటుతుంది. ఇంటి నుంచి స్టేషన్ దాకా ఎవరో ఒకరు దింపాలన్నది నిజమే. పొద్దున ఆఫీసుకు వెళ్లే కొడుకుకు అదేమంత పెద్ద పని కాదు.

ఆ రైలే ఓ వింత. పెట్టె రెండంతస్తులది, పై అంతస్తు మధ్య భాగం ఖాళీగా వదిలేసి రెండు వైపులా ఒంటి సీట్లు వేశారు. కండక్టర్ మెట్లెక్కే పని లేకుండా కింద నడుస్తూనే పైవాళ్ల టికెట్లు కూడా చూసుకుపోతాడు. 65 దాటినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది. రైల్లో టాయ్‌లెట్ కూడా ఉంటుంది. ఇదో విషయమా అని కొడుకులు అనుకుంటారు, తండ్రులు అనుకోరు. ఊళ్లో తిరిగే ‘ఎల్’ రైలు స్టేషన్లలో ఆ సదుపాయం ఉండదు కాబట్టి యూనియన్ స్టేషన్‌లోనే ఆ పని చూసుకుని బయల్దేరడం మంచిది. మధ్యలో అవసరమైతే వాషింగ్టన్ వీధిలో కల్చరల్ సెంటర్ ఉంది. 1897లో గ్రంథాలయంగా కట్టిన ఆ భవనంలోకి ప్రవేశం ఉచితం. లోపల రంగు గాజుల గోపురం చూడ్డానికైనా ఓసారి వెళ్లాలి.

స్టేషన్ పక్కనే ఉన్న ఆడమ్స్ వీధి పట్టుకుని తూర్పుగా నడిస్తే ముందు నది మీది వంతెన వస్తుంది. అది దాటగానే విల్లిస్ టవర్. పాతకాలం వాళ్లకు అది సియర్స్ టవర్‌గానే గుర్తు. ఇంకాస్త ముందుకు వెళ్తే నెత్తి మీద ఇనుప స్తంభాలపై ధడధడమంటూ రైలు పోతుంటుంది. వీధి మిషిగన్ అవెన్యూకు చేరే చోట ఎదురుగా రెండు కంచు సింహాలు, వాటి వెనక ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబర్ 11న సర్వమత మహాసభ మొదలైందీ, వివేకానందుడు మాట్లాడిందీ ఈ భవనంలోనే. ముందున్న రోడ్డులో కొంత భాగానికి ఆయన పేరు గౌరవంగా పెట్టారు కూడా. కార్ల అమెరికాకు ప్రతీకగా చెప్పుకునే రూట్ 66 మొదలయ్యేదీ ఈ ఆడమ్స్ వీధిలోనే, బోర్డు సహా. దాన్ని కాలినడకన చూడ్డంలో ఓ తమాషా ఉంది.

ఈ నడక ఎంత దూరమో ఫోన్ చూడకుండానే చెప్పొచ్చు. స్టేట్, మాడిసన్ వీధుల కూడలి సున్నా. అక్కడి నుంచి నాలుగు దిక్కులకూ నంబర్లు పెరుగుతాయి, మైలుకు 800 చొప్పున. యూనియన్ స్టేషన్ పక్కనున్న కెనాల్ వీధి పడమర 500, మిషిగన్ అవెన్యూ తూర్పు 100. రెండూ కలిపితే 600, అంటే ముప్పావు మైలు. ఉత్తరం, పడమర వైపు ఇళ్లకు సరి సంఖ్యలు, దక్షిణం, తూర్పు వైపు ఇళ్లకు బేసి సంఖ్యలు. ఎడ్వర్డ్ బ్రెనన్ అనే ఆయన వెంటపడి మరీ సాధించిన ఈ పద్ధతి 1909లో అమల్లోకి వచ్చింది, డౌన్‌టౌన్‌లో రెండేళ్లు ఆలస్యంగా. దక్షిణాన మొదటి మూడు మైళ్లు మాత్రం ఈ లెక్కకు లొంగవు. అయినా సరే, హైదరాబాద్‌లో అడ్డగీతలు, ఏటవాలు గీతలు దాటుకుంటూ ఇంటి నంబరు వెతికినవాళ్లకు ఇది స్వర్గమే.

‘ఎల్’ 1892 నుంచి నడుస్తోంది. డౌన్‌టౌన్‌ను చుట్టే ఎత్తైన పట్టాల వలయం పేరే లూప్, అది 1897లో పూర్తయింది. బ్రౌన్ లైన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే అదే ఓ విహారయాత్ర. మేడల కిటికీలకు చేతికందేంత దగ్గరగా పోయి, మలుపు తిరిగి, నది దాటుతుంది. టికెట్ కోసం కంగారు పడక్కర్లేదు. విదేశీ చెల్లింపులకు అనుమతి ఉన్న కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గేటుకు ఆనిస్తే చాలు. మన మెట్రోలోలా దిగేటప్పుడు మళ్లీ ఆనించే పని లేదు. చలికాలంలో ప్లాట్‌ఫాం మీద నెత్తిపైన వేడి దీపాలు ఉంటాయి. మీట నొక్కితే వెలుగుతాయి, వాటి కింద పావురాల పక్కన మనుషులూ చేరతారు. రెడ్, బ్లూ లైన్లు రాత్రంతా నడుస్తాయి గానీ, పొద్దుపోయాక ఖాళీ పెట్టె ఎక్కడం తెలివైన పని కాదు. రైలు నడిపేవాడు ఉండే ముందు పెట్టే మేలు.

అసలు షికాగో దాకా చేరడమూ ఓ కథే. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి నేరుగా షికాగోకు విమానం వేసింది, అది నిలవలేదు. ఇప్పుడు ఢిల్లీలోనో, గల్ఫ్‌లోనో, మరోచోటో మారాలి. తొలిసారి వెళ్లే పెద్దవాళ్లకు అబుదాబి దారి నయం. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది కాబట్టి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయంలో దిగాక ఆ క్యూ ఉండదు. మోకాళ్లు బాగానే ఉన్నా వీల్‌చైర్ అడిగేవాళ్లు మనలో తక్కువేమీ కాదు. వాళ్లకు కావలసింది దారి చూపే మనిషి, కుర్చీ ఓ సాకు. ఆ సాకు వల్ల నిజంగా నడవలేనివాళ్లు గంటల తరబడి కాచుకోవాల్సి వస్తోంది, ఇది మానుకోవాలి. పచ్చి కరివేపాకు తీసుకెళ్లడం కూడా. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు వస్తుందని దాన్ని రానివ్వరు. దాచిపెడితే జరిమానా.

ఓహేర్ నుంచి ఊళ్లోకి బ్లూ లైన్ ముప్పావు గంట. హైవే మధ్యలో పట్టాలు, రెండు పక్కలా ఆగిపోయిన కార్లు. తలో రెండు పెద్ద పెట్టెలతో దిగిన దంపతులను ఆ రైలెక్కమనడం దారుణమే, ఆ ఒక్క రోజుకు కొడుకు కారే దిక్కు. చేతి సంచితో వచ్చేవాడికి మాత్రం అదే చవకైన దారి.

పచారీ సామాన్లకు, చీరలకు డెవాన్ అవెన్యూ ఉండనే ఉంది. రెడ్ లైన్‌లో లొయోలా దాకా వెళ్లి 155 నంబరు బస్సెక్కాలి. ఆ రోడ్డులో ఓ ముక్కకు గాంధీ పేరు, ఇంకో ముక్కకు జిన్నా పేరు ఉన్నాయి.

పిల్లలకు ఒక్క మాట. అమ్మానాన్నలు వచ్చిన మొదటి ఆదివారం మాల్‌కు బదులు వాళ్లను మెట్రా ఎక్కించండి. తిరుగు రైలు వేళలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వండి, ఎందుకంటే సెలవు రోజుల్లో రైళ్లు తక్కువ. రెండోసారి వాళ్లిద్దరినే పంపండి.