చిన్న పరిశ్రమల పొదుపు: కోత పడాల్సింది కూలిపై కాదు, జాప్యంపై

మార్కెట్ మందగించిందని తెలియగానే చిన్న పరిశ్రమ యజమాని ముందుగా తెరిచేది హాజరు పట్టీ. ముడిసరుకు ధర, బ్యాంకు వడ్డీ, విద్యుత్ టారిఫ్‌లలో ఏదీ అతని చేతిలో లేదు. పనివారి సంఖ్య మాత్రం అతని చేతిలో ఉంటుంది. అందుకే ఖర్చుల కోత సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ కోత నిజంగా పొదుపేనా అన్నది వేరే ప్రశ్న. గడచిన రెండు దశాబ్దాల అనుభవం అందుకు అంత అనుకూలమైన సమాధానం ఇవ్వడం లేదు.

2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో సూరత్ వజ్రాల పరిశ్రమ పెద్ద ఎత్తున పనివారిని వదులుకుంది. సానపట్టే కార్మికులు సౌరాష్ట్రలోని సొంత ఊళ్లకు తిరిగి వెళ్లిపోయారు. ఆర్డర్లు మళ్లీ వచ్చేసరికి నైపుణ్యం ఉన్న చేతులు కరవయ్యాయి. 2020 లాక్‌డౌన్ తర్వాతా అదే జరిగింది. స్వస్థలాలకు చేరిన వలస కార్మికులను వెనక్కి రప్పించేందుకు పలువురు యజమానులు బస్సులు పంపారు, బయానాలు ఇచ్చారు. విమాన టిక్కెట్లు కొన్నవారూ ఉన్నారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమిది.

ఒకరి పొదుపు మరొకరి నష్టం

చిన్న పరిశ్రమ సాధారణంగా ఒంటరిగా పనిచేయదు. తమిళనాడులోని తిరుప్పూరులో ఒక టీషర్టు తయారీ వెనుక నూలు అల్లిక, అద్దకం, ముద్రణ, ఎంబ్రాయిడరీ, కుట్టు వంటి పనులు చేసే వేర్వేరు యూనిట్లు ఉంటాయి. వాటిలో చాలావరకు కూలి ప్రాతిపదికన జాబ్ వర్క్ చేసేవే. 2025 ఆగస్టు 27 నుంచి భారత వస్తువుల్లో అధిక భాగంపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ గొలుసంతా ఒత్తిడికి లోనైంది. విదేశీ కొనుగోలుదారు ధర తగ్గించమంటే ఎగుమతిదారు ఆ భారాన్ని జాబ్ వర్కు రేటుపై వేస్తాడు, లేదా చెల్లింపు గడువు పొడిగిస్తాడు. పై మెట్టు మీద ఖర్చు తగ్గినట్లు కనిపించినది కింది మెట్టు మీద అప్పుగా తేలుతుంది.

అయితే పద్దు పుస్తకంలో ఈ జాప్యం ఖర్చుగా విడిగా కనిపించదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యూనిట్ 10 లక్షల రూపాయల సరుకు సరఫరా చేసి, 18 శాతం జీఎస్టీతో కలిపి 11.80 లక్షలకు బిల్లు ఇచ్చింది. 45 రోజుల్లో రావలసిన సొమ్ము 120 రోజులకు అందింది. అదనంగా నిరీక్షించిన 75 రోజులకు 12 శాతం వార్షిక వడ్డీతో అప్పు చేస్తే భారం సుమారు 29 వేల రూపాయలు. ఆ సరుకుపై లాభం 5 శాతమే, అంటే 50 వేలే అనుకుంటే, అందులో సగానికి పైగా నిరీక్షణకే ఖర్చయిపోయింది. పైగా జీఎస్టీ చెల్లింపు బాధ్యత సాధారణంగా బిల్లుతోనే ఏర్పడుతుంది, డబ్బు చేతికి వచ్చేదాకా ఆగదు.

చట్టం ఉంది, భయమూ ఉంది

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు. ఒప్పందం లేకుంటే గడువు 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ చెల్లించాలి. వివాదాలను రాష్ట్రాల్లోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు పరిష్కరిస్తాయి. ఫిర్యాదుల కోసం 2017లో ‘సమాధాన్’ పోర్టల్ వచ్చింది. గడువులోగా చెల్లించని బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేకుండా, వాస్తవంగా చెల్లించిన ఏడాదిలోనే చూపేలా ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇన్ని రక్షణలున్నా చిన్న సరఫరాదారు ఫిర్యాదుకు జంకడానికి కారణం స్పష్టమే. ఉన్న ఒకరిద్దరు పెద్ద కొనుగోలుదారులపై కేసు పెడితే వచ్చే ఆర్డరు పోతుంది. చట్టాల మధ్య పొంతన కూడా తక్కువే. ఒక చట్టం 45 రోజులంటుంటే, సరఫరాదారుకు 180 రోజుల్లోగా చెల్లించకపోతేనే కొనుగోలుదారు తన ఇన్‌పుట్ పన్ను క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలని జీఎస్టీ చట్టం చెబుతోంది.

ఫిర్యాదు చేయకుండానే జాప్యం భారాన్ని తగ్గించుకునే మార్గం ‘ట్రెడ్స్’. కొనుగోలుదారు ఆమోదించిన బిల్లును ఈ ఎలక్ట్రానిక్ వేదికపై ఉంచితే, బ్యాంకులు పోటీపడి వడ్డీ రేటు చెప్పి సొమ్ము ముందుగా ఇస్తాయి. ఆ రేటు కొనుగోలుదారు పరపతిని బట్టి ఉంటుంది. కొనుగోలుదారు ఎగవేసినా సరఫరాదారుపై భారం పడదు. వార్షిక టర్నోవరు 250 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలన్నీ ఇందులో నమోదు కావాలని కేంద్రం 2024 నవంబరులో నిర్దేశించింది. అయితే నమోదైన కంపెనీ బిల్లులను ఆమోదించకుండా కాలయాపన చేస్తే ఈ వేదిక ఉన్నా ప్రయోజనం ఉండదు.

యజమాని చేతిలో ఉన్నవి

పనివారిని తొలగించే ముందు పరిశీలించదగినవి కొన్ని ఉన్నాయి. అనేక రాష్ట్రాల్లో హైటెన్షన్ వినియోగదారు యంత్రాలు ఆగి ఉన్నా ఒప్పంద డిమాండులో నిర్ణీత శాతానికి స్థిర ఛార్జీ కట్టాలి. ఉత్పత్తి దీర్ఘకాలం తగ్గేలా ఉంటే ఆ డిమాండును కుదించుకోవాలని విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేయడం, కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్ సరిచేసుకోవడం, గాలి పైపుల లీకులు అరికట్టడం ఎవరి ఉపాధినీ దెబ్బతీయని పొదుపు. గోదాములో పేరుకున్న సరుకును తగ్గిస్తే దానిపై పడే వడ్డీ తగ్గుతుంది. వెంటనే చెల్లించేవారికి స్వల్ప రాయితీ ఇవ్వడం కొన్నిసార్లు ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ కంటే చవక. ఈ లెక్కలకు ఉద్యమ్ నమోదు, ప్రతి బిల్లుపై గడువు తేదీ తప్పనిసరి.

ఇక ప్రభుత్వం వంతు. కొవిడ్ వేళ కేంద్రం 2020 మే నెలలో మూడు లక్షల కోట్ల రూపాయల హామీ రుణ పథకాన్ని ప్రకటించింది. అది ఎన్నో యూనిట్లను నిలబెట్టింది. కానీ ఎంతైనా అది రుణమే, తిరిగి కట్టవలసిందే. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు మూడు నెలల స్థిర విద్యుత్ ఛార్జీలను మాఫీ చేసింది, పాత ప్రోత్సాహక బకాయిల విడుదలకు పూనుకుంది. ఈ రెండో రకం సాయం కొత్త అప్పు మోపదు. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ బిల్లులను గడువులోగా చెల్లిస్తే బడ్జెట్‌లో కొత్త పథకం లేకుండానే అలాంటి మేలు జరుగుతుంది.

మందగమనంలో ఖర్చు తగ్గించుకోక తప్పదు. అయితే దినకూలిపై బతికే కార్మికుడి వద్దకు వెళ్లేముందు, నాలుగు నెలలుగా బిల్లు ఆపిన కొనుగోలుదారు వద్దకు వెళ్లడం న్యాయం. లెక్కప్రకారం లాభసాటి కూడా. అలా వెళ్లిన చిన్న సరఫరాదారు మరుసటి ఆర్డరు కోల్పోకుండా చూసే వ్యవస్థ ఏర్పడనంతవరకు, 45 రోజుల గడువు చాలామందికి కాగితంపైనే ఉంటుంది.