పదిహేడు గంటలే కదా!

మన ఇళ్ళలో అమెరికా సంబంధం మాట వచ్చిందంటే పెద్దవాళ్ళు ముందుగా అనేది ఇదే: "దూరమేముందమ్మా, విమానం ఎక్కితే పదిహేడు గంటలే కదా!" ఈ లెక్క తప్పని నేననను. కానీ సగం లెక్కే అంటాను.

బెంగుళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఆకాశమార్గాన దాదాపు 14,000 కిలోమీటర్లు. గోడ మీది పటం చూస్తే ఐరోపా, అట్లాంటిక్ దాటి పోవాలేమో అనిపిస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టండి, అది ఉత్తర ధ్రువం దగ్గరగా పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఆ ధ్రువం దారినే మన దేవనహళ్ళికి వచ్చింది. నడిపినవాళ్ళు నలుగురూ ఆడవాళ్ళే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్. 9వ తేదీ రాత్రి అక్కడ బయల్దేరి, 11వ తేదీ తెల్లవారుజామున ఇక్కడ దిగారు. తేదీలు రెండు మారినా గాలిలో ఉన్నది సుమారు 17 గంటలే. చలికాలంలో మన గడియారం వాళ్ళకంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది మరి.

విమానానికి సంబంధించినంత వరకు లెక్క ఇంతే. మనిషికి ఇంకా ఉంది. మా అమ్మ పుట్టిల్లు ముళబాగిలు. బెంగుళూరు నుంచి వంద కిలోమీటర్లు కూడా ఉండదు, గంట గంటకీ బస్సు. అయినా అమ్మ వెళ్ళేది ఏడాదికొకసారి, ఉగాదికి. ఇంట్లో అడగాలి, వంట ఎవరు చేస్తారో చూడాలి, చార్జీలకు చెయ్యి చాచాలి. బస్సుకు దగ్గరైన ఊరు అమ్మకు దూరమైంది.

ఇదే లెక్క శాన్ ఫ్రాన్సిస్కోకి వేసి చూడండి. భర్త హెచ్-1బి వీసా మీద ఉంటే భార్యకు వచ్చేది హెచ్-4. దాని మీద చదువుకోవచ్చు గానీ, ఉద్యోగానికి వేరే అనుమతి కావాలి. 2015 నుంచి ఆ అనుమతి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్ కార్డు పని కొంత ముందుకు సాగినవాళ్ళకే. సంపాదన లేనప్పుడు టికెట్టు ఎవరు కొనాలి? ఎవరిని అడిగి బయల్దేరాలి?

అమెరికా వద్దని ఎవరినీ ఆపడం నా ఉద్దేశం కాదు. ఇష్టపడి వెళ్ళేవాళ్ళు సంతోషంగా వెళ్ళాలి. అయితే కట్నకానుకల గురించి గంటలకొద్దీ మాట్లాడే పెద్దలు ఈ నాలుగు మాటలూ ముందే మాట్లాడాలి. అమ్మాయి పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? తన పేర బ్యాంకు ఖాతా ఉంటుందా? చదువో ఉద్యోగమో ఎప్పటికి కుదురుతుంది? అమ్మకు ఒంట్లో బాగాలేదంటే ఎన్ని రోజుల్లో రాగలదు?

వాళ్ళు అడగకపోతే మనమే అడుగుదాం. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల ఇన్ని ప్రశ్నలు వేస్తుందా అని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ సంగతి కూడా విమానం ఎక్కకముందే తెలిసినట్టవుతుంది.