యాభై దాటిన ముఖానికి రాత్రి పూత

దీపావళి వెళ్లిన రెండు వారాలకి మా వదిన తెనాలి నుంచి ఫోన్ చేసింది. "ఏమ్మా, ఊరందరికీ సలహాలు చెబుతావు, నా ముఖం సంగతి ఎవరు చూస్తారు?" అని నిష్ఠూరం. వదినకి యాభై ఎనిమిదేళ్లు. పండగనాడు తెల్లవారుజామునే నువ్వులనూనె రాసుకుని సున్నిపిండితో నలుగు పెట్టుకుంది. బుగ్గల మీద మంగు మచ్చలు పోతాయేమోనని ఇంకాస్త గట్టిగా రుద్దింది. అదీ చాలక నిమ్మచెక్కని పంచదారలో అద్ది మరీ రుద్దిందట. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బుగ్గలు కందిపోయి ఒకటే మంట. మంట తగ్గాక చూసుకుంటే, మచ్చలు ముందుకన్నా నల్లగా ఉన్నాయి!

తప్పు నలుగుది కాదు. ఇరవై ఏళ్లప్పుడు పై చర్మం సుమారు నాలుగు వారాల్లో కొత్తది వచ్చేస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఆ పని నెమ్మదిస్తుంది. మృతకణాలు రాలకుండా పేరుకుని ముఖం గరుగ్గా, కళ తప్పినట్టు కనిపిస్తుంది. పైగా ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి చర్మం పొడిబారుతుంది, పలచబడుతుంది. పాత పట్టుచీరని బ్రష్ పెట్టి ఉతుకుతామా? ఇదీ అంతే. మన చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. ఎక్కడ ఒరుసుకున్నా, మండినా, అక్కడ నల్లమచ్చ మిగిలిపోతుంది.

మరి రుద్దకుండా మృతకణాలు పోయేదెలా? పాలు పులిసినప్పుడు వచ్చే లాక్టిక్ ఆమ్లం ఆ పని చేస్తుంది. స్వీడన్ రసాయనవేత్త షీలే 1780లోనే దీన్ని పులిసిన పాల నుంచి వేరు చేశాడు. మృతకణాలని పట్టి ఉంచే బంధాన్ని వదులు చేస్తుంది, కొంత తేమనీ పట్టి ఉంచుతుంది. పెరుగులోనూ ఉంటుంది గానీ బాగా తక్కువ. పెరుగు పావుగంట ఉంచి కడిగేసుకోవడానికే తప్ప, రాత్రంతా పెట్టుకునేందుకు కాదు. తలగడ వాసన సంగతి వేరే చెప్పాలా!

రాత్రి పూతకి కొనవలసింది 5 శాతం లాక్టిక్ ఆమ్లం ఉన్న సీరం. 10 శాతం జోలికి మొదట్లోనే వెళ్లకండి. గ్లైకాలిక్ ఆమ్లం కూడా దొరుకుతుంది గానీ దాని అణువు చిన్నది, చర్మంలోకి త్వరగా దిగి చురుక్కుమనిపిస్తుంది. పెద్ద వయసు చర్మానికి లాక్టిక్, ఇంకా సున్నితం కావాలంటే మాండెలిక్ ఆమ్లం నయం. పగిలిన మడమలకని మందుల షాపులో అమ్మే యూరియా, లాక్టిక్ ఆమ్లం కలిపిన క్రీములు చౌక అని ముఖానికి రాయకండి. అవి కాళ్లకే.

ఇదంతా చెబుతుంటే మధ్యలో వదిన మనవరాలు ఫోన్ లాక్కుంది. ఎనిమిదో తరగతి పిల్ల. "నానమ్మ రాసుకునేది కుందేళ్ల కళ్లల్లో వేసి చూశారా, లేదా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. 1944లో అమెరికాలో జాన్ డ్రైజ్ అనే ఆయన వివరించిన పరీక్ష అది. కుందేలు కంట్లో పదార్థం వేసి ఎంత ఎర్రబడుతుందో, ఎంత పాడవుతుందో లెక్కవేసేవారు. మన దేశంలో 2014 మే నెలలో సౌందర్యసాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు నిషేధించారు. అదే సంవత్సరం నవంబరు నుంచి, అలా పరీక్షించిన సరుకు దిగుమతీ ఆపేశారు. ఐరోపా సమాఖ్య మనకన్నా ఒక సంవత్సరం ముందు, 2013లో ఆ పని చేసింది.

అంటే ఏమిటి? కుందేలు బొమ్మ వేసి ఖరీదు రెండింతలు చెప్పిన సీసా ఒక్కటే దయ గలదని కాదు. ఇక్కడ తయారయ్యే మామూలు సీసాకీ ఆ చట్టం వర్తిస్తుంది. కుందేలు గుర్తుతో తెలిసేదల్లా, ఆ సంస్థ ఇతర దేశాల్లో అమ్మే సరుకుకీ, ముడిసరుకుకీ పరీక్షలు చేయించడం లేదని. అది కావాలనుకునే వాళ్లు చూసుకుని కొనుక్కోవచ్చు. అయితే పరీక్ష లేదంటే శాకాహారమని అర్థం కాదు. తేనెమైనం, గొర్రె ఉన్ని జిడ్డు లానొలిన్ ఉండొచ్చు. పట్టింపు ఉంటే పదార్థాల పట్టీ చదవాలి.

ఇక డబ్బు. 30 మిల్లీలీటర్ల సీసా మూడు నుంచి ఆరు వందల లోపు దొరుకుతుంది. వారానికి రెండు రాత్రులు, నాలుగైదు చుక్కల చొప్పున వాడితే ఒక మనిషికి ఏడాది దాటినా అయిపోదు. కానీ తెరిచిన డబ్బా బొమ్మలో 6 అని ఉంటే ఆరు నెలల్లో వాడెయ్యాలి. అందుకే మా వదిన, ఆవిడ తోడికోడలు ఒకే సీసా పంచుకున్నారు. చుక్కలు అరచేతిలో వేసుకోవాలి, డ్రాపర్ ముఖానికి తగలకూడదు, అంతే.

ముందు చెవి వెనక ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతే మొదటి నెల వారానికి ఒక్క రాత్రి చాలు. ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, కళ్ల చుట్టూ, పెదవుల మూలలూ వదిలి పల్చగా రాయాలి. పది నిమిషాలాగి గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్. కాస్త చురుక్కుమని తగ్గిపోతే పర్వాలేదు. మండుతుంటే లేచి చన్నీళ్లతో కడిగెయ్యండి, తెల్లారేదాకా ఓర్చుకోవద్దు. థ్రెడింగ్ చేయించుకున్న రాత్రి, రెటినాల్ రాసుకునే రాత్రి ఇది వద్దు.

పొద్దున్నే సన్‌స్క్రీన్ మాత్రం తప్పదు, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గకుండా. ఈ ఆమ్లాలు ఎండకి చర్మాన్ని సుకుమారం చేస్తాయి. ఇలాంటి సీసాల మీద ఆ హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే సూచించింది. సన్‌స్క్రీన్‌కి డబ్బు లేదనుకుంటే, సీరం మానేసి ఆ డబ్బుతో అదే కొనుక్కోండి! ఆవకాయ రోజుల్లో, వడియాలు ఎండబెట్టే రోజుల్లో అస్సలు మొదలుపెట్టకండి. చలికాలం మంచిది.

ఇంకొకటి. వారం రోజుల్లో మచ్చలు మాయం అంటూ షాపులో చేతిలో పెట్టే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు కనిపిస్తాయి, మానేస్తే ముఖం భగ్గుమంటుంది. 2018 నుంచి ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అడిగితే ఇచ్చేసే షాపులు ఇంకా ఉన్నాయి, మీరు అడగకండి.

వదిన కందిన బుగ్గలు పూర్తిగా మానేదాకా నెల రోజులు ఆగి, సంక్రాంతి ముందు మొదలుపెట్టింది. ఇప్పటికి రెండు నెలలు. బుగ్గలు నున్నగా అయ్యాయట, పౌడరు పొట్టులా లేవడం లేదట. మంగు మాత్రం అక్కడే ఉంది. దానికి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లమన్నాను. "ఈ వయసులో ముఖానికి డాక్టరా? మీ అన్నయ్య నవ్వుతారే" అంది. అన్నయ్య పోయిన నెలే జుట్టు రాలుతోందని అదే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడని నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను.