స్థితి ఒక్కచోట, ఫలితం అంతటా

వెబ్ పుటను అందంగా తీర్చుట నేడు కష్టమైన పని కాదు. దానిని సత్యంగా నిలుపుటయే కష్టం. తెరపై పది చోట్ల మారవలసిన విషయం తొమ్మిది చోట్లనే మారితే ఆ తెర అబద్ధమాడినట్లే. ఏ క్షణాన ఏ విలువ ఉన్నదో తెలిపే సమాచారాన్నే అప్లికేషన్ స్థితి అంటున్నాము.

ఒక ప్రవేశాల పుటను తీసుకొందాము. మొత్తం సీట్లు 60, చేరినవారు 45 మంది. మిగిలినవి 15 అని వేరుగా వ్రాసి ఉంచితే, ఒక విద్యార్థి చేరినప్పుడెల్లా రెండు అంకెలను మార్చవలసి ఉంటుంది. రెండవది మరచిన నాడు, లేని సీటును నమ్మి దూరగ్రామం నుండి ఒక పేద విద్యార్థి బస్సెక్కి రావచ్చును. మిగులును దాచక, మూలాంకెల నుండి లెక్కకట్టించి, మూలం మారినంతనే ఫలితం తానుగా మారునట్లు ఏర్పరచుటయే రియాక్టివ్ పద్ధతి.

ఈ భావన కొత్తది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లు వెలువరించిన విజికాల్క్ లెక్కల పట్టికలో ఒక గడి మారితే దానిపై ఆధారపడిన గడులూ మారేవి. కాలంతో మారే విలువలను గూర్చి 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడక్‌లు సిద్ధాంతరీత్యా వ్రాశారు. 2013లో రియాక్ట్, 2015లో రిడక్స్ వచ్చాయి. 2023లో ఆంగ్యులర్ సైతం సిగ్నల్స్‌ను చేర్చుకొన్నది. పేర్లు మారినవి, సూత్రం నిలిచినది.

ఉద్యోగ ప్రకటనలలో సాధనాల పేర్లే ఉంటాయి కదా అని కొందరనవచ్చును. నిజమే. కాని పేరు మాత్రమే నేర్చినవాడు ఆ పేరు మరుగైన నాడు నిరాయుధుడౌతాడు. మరొక హెచ్చరిక కూడా అవసరం. రెండు విలువలు ఒకదాని నొకటి మార్చుకొనునట్లు వ్రాస్తే ఆ గొలుసుకు అంతుండదు. సూత్రమెరిగినవానికే ఈ ప్రమాదం ముందుగా కనిపిస్తుంది.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో తొలి వారాలు ఏ లైబ్రరీనీ ముట్టనీయక, ఒక చిన్న సిగ్నల్‌ను విద్యార్థులచేతనే వ్రాయించాలి. విలువ ఒకటి, దానిని కనిపెట్టుకొని ఉన్నవారి జాబితా ఒకటి, మారినప్పుడు వారికి కబురు: కొద్ది పంక్తుల జావాస్క్రిప్ట్ చాలును. ఖర్చు లేని ఈ పాఠం రేపు ఏ సాధనం వచ్చినా మన విద్యార్థికి అక్కరకు వస్తుందని మా దృఢవిశ్వాసం.