సుర్మా డబ్బీ తెరిచే ముందు

మన ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. హజ్‌కో ఉమ్రాకో వెళ్ళి వచ్చినవారు జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలతో పాటు సుర్మా డబ్బీలు కూడా పంచిపెడతారు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాళ్ళ పెట్టెల్లో చెల్లెళ్ళ కోసం తెచ్చిన క్రీములుంటాయి. ఇచ్చేవారి మనసులో ఉన్నది ప్రేమే. పుచ్చుకున్నవారు బిస్మిల్లాహ్ అని వాడటం మొదలుపెడతారు. లోపల ఏముందని అడిగేవారు మాత్రం అరుదు. మొన్నటి వరకు నేనూ అడగలేదు.

పోయిన రంజాన్ పండుగ నాడు ఏడు నెలల మనవడికి స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగారు. నేను సుర్మాదాని, సలాయి తీసుకుని కూర్చున్నాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"వాడికి వద్దు అబ్బా. వీటిలో సీసం ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది."

నాకు కోపం వచ్చింది. "సుర్మా సున్నత్ అమ్మా! చిన్నప్పుడు నీకూ నేనే పెట్టాను. నీకేమైంది?" అన్నాను. అమ్మాయి వాదించలేదు. "ఈ డబ్బీలో ఉన్నది ఇస్మిదేనని మీకు తెలుసా అబ్బా?" అని మాత్రం అడిగింది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నా దగ్గర జవాబు లేదు.

దైవప్రవక్త (స) ఇస్మిద్‌ను మెచ్చుకున్నారన్నది హదీసుల్లో ఉంది. దాన్ని మనం శిరసావహిస్తాం. కానీ ఆ పేరుతో అమ్మే ప్రతి పొడీ ఇస్మిద్ కాదు. ఇస్మిద్ అంటే ఆంటిమనీ ఖనిజమని సాధారణంగా చెబుతారు. బజారులో దొరికే సుర్మాను ప్రయోగశాలల్లో పరీక్షించినప్పుడు అనేకసార్లు బయటపడింది గెలీనా, అంటే సీసపు ఖనిజం. రెండూ నల్లగా మెరుస్తాయి. కంటితో చూసి తేడా చెప్పలేం. పసివాడు కళ్ళు నలుపుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. సీసం అలా ఒంట్లోకి పోతుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "నీకేమైంది?" అన్న నా ప్రశ్న ఎంత తేలికైనదో అప్పుడు తెలిసింది. సీసం చేసే నష్టం పైకి కనబడదు.

ఇక తెల్లబరిచే క్రీముల సంగతి. కొన్నిటిలో పాదరసం కలుపుతారు. అది చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని తయారు కానివ్వదు. అందుకే కొద్ది రోజుల్లోనే ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. కానీ ఆ పాదరసం చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో మూత్రపిండాల జబ్బుతో వచ్చినవారిని డాక్టర్లు ఆరా తీస్తే, వారిలో పలువురు ఇలాంటి క్రీములు వాడినవారేనని తేలింది. రాసుకున్న తల్లి తువ్వాలు, దిండు ద్వారా ఆ విషం బిడ్డకూ అంటుతుంది. మరికొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మరాదని 2018లో మన ప్రభుత్వం ఆదేశించింది. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి.

మరి అలంకరణే మానుకోవాలా? ఎంతమాత్రం కాదు. అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడతాడని మనకు నేర్పారు. అయితే శరీరం ఆయన మనకిచ్చిన అమానత్. తనకుగానీ ఇతరులకుగానీ హాని చేయరాదన్నది ఫిఖాలో మూలసూత్రం. కనుక వాడేది హలాలా అని అడిగినట్లే, హాని లేనిదేనా అని కూడా అడగాలి.

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, గడువు తేదీ లేని డబ్బీని కొనకండి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. మెర్క్యురీ, కేలోమెల్ అన్న మాటలున్నా, నగలకు తగలనీయవద్దని రాసి ఉన్నా పక్కన పెట్టండి. 'హెర్బల్', 'నేచురల్' అన్న అక్షరాలు చూసి మోసపోకండి, పాదరసం కూడా భూమిలోంచి వచ్చిందే. మెహందీ సహజంగా ఎరుపు, గోధుమ రంగుల్లో పండుతుంది. గంటలో నల్లగా పండితే అందులో జుట్టుకు వేసే రంగు కలిపారని అనుమానించండి, దానివల్ల చేతులు బొబ్బలెక్కవచ్చు. కొత్తది ఏదైనా, ఇంట్లో కలిపిన ఉబ్టన్ అయినా సరే, ముందుగా మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు ఆగండి. దురదగానీ మంటగానీ లేకపోతేనే ముఖానికి రాయండి. పెళ్ళికి ముందురోజు ఇలాంటి ప్రయోగాలు అసలే వద్దు.

దుకాణాలు నడిపే సోదరులకు ఒక మాట. పైన పొడి ధాన్యం, అడుగున తడిసిన ధాన్యం పెట్టి అమ్మిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) ఎలా మందలించారో మీకు తెలుసు. లోపల ఏముందో తెలియని డబ్బీని అమ్మడం కూడా ఆ కోవలోకే వస్తుంది.

చివరి మాట మనందరికీ, ముఖ్యంగా అత్తలకు, తల్లులకు. సంబంధం చూడటానికి వెళ్ళి "పిల్ల కాస్త ఛామనఛాయ" అని పెదవి విరిచేది మనమే. నల్లవారిపై తెల్లవారికి ఏ ఆధిక్యతా లేదని ఖుత్బాలో విని తల ఊపేదీ మనమే. ఆ విరిచిన పెదవే ఆడపిల్లను క్రీము డబ్బీ దగ్గరికి తోస్తోంది. ఆ విషంలో మన వాటా కూడా ఉంది.

ఆ రోజు మనవడు సుర్మా లేకుండానే ఈద్‌గాహ్‌కు వచ్చాడు. అందరూ వాణ్ణి ఎత్తుకుని ముద్దాడారు. కళ్ళకు ఏదో తక్కువైందని ఒక్కరూ అనలేదు.