కోడింగ్‌కి ల్యాప్‌టాప్ వచ్చేదాకా ఆగాలా?

ల్యాప్‌టాప్ లేదని పుంగనూరులో మా తమ్ముడు పైథాన్ ప్రోగ్రామ్‌లు నోట్‌బుక్‌లో రాసి బట్టీ పడుతున్నాడు. సీబీఎస్ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ప్రాక్టికల్స్‌కే 30 మార్కులు. ఒక్క ఎర్రర్ కూడా చూడకుండా అవెలా వస్తాయి?

వాడి పాత 3 జీబీ ర్యామ్ ఫోన్‌లోనే పైడ్రాయిడ్ 3 వేసిచ్చాను. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ అక్కర్లేదు. మదనపల్లె నుంచి కుప్పం వెళ్లే బస్సులో కూడా లూప్ రాసుకోవచ్చు. పైథాన్‌తోపాటే వచ్చే ఎస్‌క్యూలైట్‌లో సెలెక్ట్, గ్రూప్ బై, జాయిన్ అన్నీ ప్రాక్టీస్ చేసేశాడు.

కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సిలబస్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్. షో టేబుల్స్, డిస్క్రైబ్ కమాండ్లు ఎస్‌క్యూలైట్‌లో పనిచేయవు. ఇంటీజర్ కాలమ్‌లో పేరు రాసినా అది మామూలుగా ఊరుకుంటుంది. కాబట్టి పరీక్షకు ముందు ల్యాబ్‌లో కూర్చోక తప్పదు.

మనం ఇక్కడ ఎఫ్‌పీఎస్ గురించి తెగ కొట్టుకుంటాం. నా దృష్టిలో మాత్రం ఆ పాత ఫోనే ఈ ఏడాది బెస్ట్ గ్యాడ్జెట్.