విహార బోటు తాగే ఇంధనానికీ లెక్క ఉండాలి

ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ



విహార బోటు ఎంత ఇంధనం తాగుతుందన్నది ముఖ్యంగా మూడింటి మీద ఆధారపడుతుంది: ఇంజన్, బోటు పొడవు బరువులు, నడిపే వేగం. మొదటి రెండూ బోటు కొన్ననాడే ఖాయమైపోతాయి. వేగం మాత్రం ప్రతి ప్రయాణంలోనూ సరంగు చేతిలో ఉంటుంది. ఆ సరంగు చేతిని నడిపించేవి సంస్థ ఇచ్చే వేళల పట్టిక, నిర్వాహకుడితో కుదిరిన ఒప్పందం. పాపికొండల లాంచీలకైనా, భవానీ ద్వీపం దగ్గర తిరిగే స్పీడ్ బోట్లకైనా ఇదే వర్తిస్తుంది.

ఒక హార్స్‌పవర్ శక్తిని గంటసేపు అందించడానికి పెట్రోలు ఇంజన్‌కు సుమారు 0.3 లీటర్లు, డీజిల్ ఇంజన్‌కు సుమారు 0.2 లీటర్లు కావాలి. అంటే 100 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్ పూర్తి వేగంతో నడిస్తే గంటకు 30 లీటర్లు ఖర్చవుతాయి, 70 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ బోటు గంటకు 50 కిలోమీటర్లు పోతుందనుకుంటే కిలోమీటరుకు 600 మిల్లీలీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుతో పోలిస్తే ఇది 9 రెట్లు. కారు ఒకసారి వేగం అందుకున్నాక కొద్దిపాటి శక్తితో సాగిపోతుంది. బోటుకు ఆ వెసులుబాటు లేదు. గాలికన్నా నీరు దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. దాన్ని తోసుకుంటూ పోవాలంటే ఇంజన్ క్షణం కూడా తగ్గకుండా లాగాలి.

పెద్ద లాంచీలు నీటిని చీల్చుకుంటూ పోతాయి. అలాంటి బోటుకు సహజమైన వేగ పరిమితి ఒకటుంది. నీటిని తాకే భాగం పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే ఆ పరిమితి గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్ల బోటుకు అది 13.5, 16 మీటర్ల బోటుకు 18. ఈ పరిమితికి చేరువయ్యేకొద్దీ బోటు తాను లేపిన అలను తానే ఎక్కాల్సి వస్తుంది. ఇంధనం మండుతూనే ఉంటుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. పరిమితికి బాగా దిగువన కూడా కావలసిన శక్తి దాదాపు వేగం ఘనానికి అనుగుణంగా మారుతుంది. వేగం 20 శాతం తగ్గిస్తే శక్తి సగానికి దిగుతుంది. ప్రయాణ సమయం పెరిగినా కిలోమీటరుకు ఖర్చయ్యే ఇంధనం మూడో వంతుకు పైగా మిగులుతుంది. గంటన్నర ప్రయాణానికి మరో 20, 25 నిమిషాలు చేరతాయి. కొండలు చూడడానికి వచ్చిన పర్యాటకుడికి అది నష్టమేమీ కాదు.

స్పీడ్ బోటు తీరు వేరు. అది వేగం పుంజుకున్నాక నీటిపైకి లేచి జారుతుంది. లేవడానికి ముందు దశలో ముందు భాగం ఎత్తుకుంటుంది, వెనుక భాగం నీటిలో కుంగుతుంది. కిలోమీటరుకు అత్యధిక ఇంధనం పోయేది అప్పుడే. పైకి లేచాక ఖర్చు కాస్త తగ్గి, పూర్తి వేగానికి చేరేసరికి మళ్లీ పెరుగుతుంది. నిమిషాల లెక్కన అమ్మే చిన్న షికార్లలో ఆగడం, ఒక్కసారిగా దూకించడం, మలుపులు తిప్పడమే ఎక్కువ కాబట్టి బోటు చాలాసేపు ఆ ఖరీదైన దశలోనే గడుపుతుంది. ప్రయాణికులంతా వెనుకే కూర్చుంటే ఆ దశ ఇంకా సాగుతుంది.

నదిలో ప్రవాహం కూడా లెక్కలోకి వస్తుంది. నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోయే లాంచీ, 3 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురు వెళితే 9, వాలున వస్తే 15 కిలోమీటర్లు సాగుతుంది. 30 కిలోమీటర్లు వెళ్లి రావడానికి నిలకడ నీటిలో 5 గంటలు పడితే, ఇక్కడ 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు పడిన నష్టాన్ని వచ్చేటప్పటి లాభం పూర్తిగా తీర్చదు. అందుకే ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది అత్యవసరానికి అన్నది బోటు నడిపేవారు పాటించే భద్రతా సూత్రం.

అడుగున పట్టిన పాచి, అంచు వంగిన ప్రొపెల్లర్, అడుగున నిలిచిన నీరు, రేవులో ఊరికే తిరిగే ఇంజన్ కనపడకుండా ఇంధనాన్ని తినేస్తాయి. వీటికి మందు బ్రష్షు, సుత్తి, పంపు, తాళంచెవి.

పాత తరహా కార్బురెటర్ టూ స్ట్రోక్ ఇంజన్లు మరో పెద్ద నష్టం. వాటిలో పోసిన పెట్రోలులో 20 నుంచి 30 శాతం మండకుండానే పొగతోపాటు నీటిలోకి పోతుంది. ఈ కారణంతోనే అమెరికాలోని టాహో సరస్సులో 1999లో వాటిని నిషేధించారు. భవానీ ద్వీపం చుట్టూ ఉన్న ప్రకాశం బ్యారేజీ ఎగువ నీరు విజయవాడ తాగునీరు కూడా కాబట్టి ఇక్కడ ఇది ఇంధన సమస్యగానే మిగలదు. పోసే పెట్రోలు రకాన్నీ చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలులో, ఇథనాల్ కలపని పెట్రోలుతో పోలిస్తే, లీటరుకు శక్తి 6, 7 శాతం తక్కువ. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బోటు ఇంజన్ల తయారీదారులు చాలామంది 10 శాతం వరకే అనుమతిస్తారు.

తక్కువ వేగం, తక్కువ దూరం ఉన్నచోట విద్యుత్ బోటు నిలదొక్కుకుంది. కేరళలో వైక్కం, తవణక్కడవు మధ్య 75 మంది పట్టే సౌర బోటు ‘ఆదిత్య’ 2017 నుంచి నడుస్తోంది. విద్యుత్ బోట్లతో కొచ్చి వాటర్ మెట్రో 2023లో మొదలైంది. వేగంగా దూసుకుపోయే బోట్లకు మాత్రం బ్యాటరీల బరువు ఇంకా అడ్డంకే.

అందువల్ల సంస్థ ముందు నాలుగు పనులున్నాయి. ప్రతి బోటుకూ గంటకు, కిలోమీటరుకు పడిన ఇంధనాన్ని లాగ్ పుస్తకంలో రాయించాలి. పెద్ద లాంచీల వేళలను వాటి సహజ వేగ పరిమితికి దిగువన కుదిరేలా మార్చాలి. కొత్త టెండర్లలో ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌ను, అడుగు భాగం శుభ్రతను షరతులుగా చేర్చాలి. ఒడ్డు నుంచి భవానీ ద్వీపానికి చేరవేసే చిన్న దూరపు బోట్లను ముందుగా విద్యుత్తుకు మళ్లించాలి. మొదటి రెండింటికీ కొత్త బోటు కొననక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. వచ్చే సీజను వేళల పట్టికతోనే వాటిని మొదలుపెట్టాలని విజ్ఞప్తి.

ఇట్లు,
ఒక పౌరుడు